నామం ఆపిన పక్షం

శ్రావణ శుద్ధ పాడ్యమి, బుధవారం

మనసులో నామం ఆపాలంటే చేతికి ఏదో ఒక పని ఇవ్వాలి. అందుకని కలం పట్టాను. పదో తరగతి పరీక్షల తరవాత సరుకుల చీటీలు తప్ప నేను ఏమీ రాయలేదు. కుడి భుజం పైకి లేవదు గానీ మోచెయ్యి బల్లకి ఆనించుకుంటే వేళ్ళు కదులుతాయి. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ.

పోయిన పక్షమంతా నా మెడ వెనక నొప్పి పట్టీ ఉంది. నిన్న అమావాస్యకి విప్పారు. ఇవాళ వారధుల ఆఫీసుకి పిలిచి, పట్టీ గీసిన గీత చూపించారు. పలక తుడిచాక మిగిలే తడి చారలా ఉంది. ఎత్తు లేదు, పల్లం లేదు.

"తప్పు మాదే పేరిందేవి గారూ. గవరయ్య ఒప్పుకున్నాడు, మేమూ ఒప్పుకుంటున్నాం," అన్నారు ఆఫీసు పెద్ద రంగనాయకులు గారు. ఆయన మాట నెయ్యి రాసినట్టు ఉంటుంది. "కానీ నొప్పి ఏదమ్మా? నొప్పి లేకుండా భుజానికి కొత్త కీలు ఎలా ఇస్తాం?"

నమస్కారం పెట్టి వచ్చేశాను. ఒక్క చేత్తో పెట్టిన నమస్కారం.

జరిగింది ఇదీ. ఆషాఢంలో ఒక ఉదయం తులసి దళాలు కోసుకుని పక్క పంటు నుంచి మా పంటుకి వస్తున్నాను. పోటు ఎక్కుతోంది. నీళ్ళ మీద మా ఇళ్ళని మోస్తూ తేలే పంట్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పోటుకీ పాటుకీ మధ్యలో వారధులు విప్పుతారు. విప్పే ముందు మూడు కేకలు వెయ్యాలి, రెండు చివరలూ చూడాలి. ఈ ఊళ్ళో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే. వారధి విప్పే గవరయ్య ఆవేళ కేక వెయ్యలేదు, తల ఎత్తలేదు. కొక్కెం తీసేశాడు. నా కాళ్ళ కింద చెక్కలు వాలిపోయాయి. కుడి చేతికి పక్క తాడు దొరికింది. ఒళ్ళంతా ఆ ఒక్క చేతికి వేలాడింది. భుజంలో తడిగుడ్డ చించినట్టు చప్పుడు వినిపించింది. నేను అరవలేదు. 'నారాయణా' అనుకున్నాను, అంతే. నీళ్ళలో పడ్డ తులసి బుట్ట చూసి గవరయ్య తలెత్తాడు.

పట్టీలు కట్టేది తరళ అనే అమ్మాయి. ఆఫీసు మనిషి కాదు, పరిహారాల బోర్డు మనిషి. ఇవాళ నేను బయటికి వస్తుంటే నా వెంట వారధి దాకా నడిచింది.

"పెద్దమ్మా, ఒక్కటి అడుగుతాను. నొప్పి వచ్చినప్పుడు మీరు లోపల ఏమైనా చేస్తారా?"

"ఏం చేస్తానమ్మా. నామం చెప్పుకుంటాను."

"ఎప్పుడెప్పుడు?"

"ఊపిరి ఎప్పుడెప్పుడు పీలుస్తావని అడిగితే నువ్వేం చెప్తావు?"

ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. "ఈ పట్టీ భుజాన్ని చూడదు పెద్దమ్మా. భుజం చెప్పింది తల ఎంత విన్నదో చూస్తుంది. మీరు తలని విననివ్వడం లేదు."

ఇంకోసారి పట్టీ కట్టించుకునే హక్కు నాకుందిట. ఒక్కసారే. పౌర్ణమికి బోర్డు విచారణ. అప్పటిదాకా నామం ఆపమంది. పూజ కూడా వద్దంది. "నాకు ఈ మాట చెప్పే అధికారం లేదు, నేను చెప్పానని అనకండి," అంది. వారధి దగ్గరే నిలబెట్టి కొత్త పట్టీ కట్టింది.

పోయినసారి ఆ పట్టీకి పసుపు రాసి, కళ్ళకద్దుకుని, రక్ష కట్టించుకున్నట్టు కట్టించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తోంది. నవ్వితే భుజం లాగుతోంది.

శుద్ధ విదియ, గురువారం

వరహాలు నా ఆడపడుచు. నాకంటే చిన్నది. పెళ్ళి వద్దనుకుని చేపలు ఎండబెట్టే పని పట్టింది. దేవుడి గది గడప దాటి లోపలికి వచ్చిన మనిషి కాదు. మా ఆయన ఉప్పు పడవల మీద వెళ్ళారు, కార్తీకానికి గాని రారు. ఇంట్లో మేమిద్దరమే.

ఇవాళ పొద్దున్న, పంట్లని కట్టే గొలుసులు బిగించి వదిలే చక్రం దగ్గర తన వంతు, నా వంతు రెండూ తనే తిప్పింది. ఇంటికి రాగానే అరచేతులు చూపించింది. బొబ్బలు చితికి ఉన్నాయి.

"కీలు వచ్చేదాకా తిప్పుతాను. రాకపోతే తిప్పలేనొదినా. మాట తప్పానని తరవాత అనొద్దు."

అననని చెప్పాను. ఇంటికి ఇద్దరు తిప్పాలి. తిప్పలేని ఇంటిని అంచు పంట్లకి పంపేస్తారు. పోయిన తుఫాను తరవాత అంచున ఏం మిగిలిందో అందరం చూశాం. కీలు వెయ్యకపోతే భుజం ఇలాగే బిగిసిపోతుందని వైద్యుడు మొదటిరోజే చెప్పాడు. ఆయన మాట బోర్డుకి పనికిరాదు. ఎముకల బొమ్మ తీయించి చూపిద్దామని వరహాలు అంటే తరళ నవ్వింది. బొమ్మలు ఎవరు పడితే వాళ్ళు పుట్టించే రోజులు వచ్చాక బొమ్మల సాక్ష్యం కొట్టేశారు. మనిషి గొంతు సాక్ష్యం కూడా అంతే. పట్టీ ఒక్కటే మిగిలింది.

నామం లేని పొద్దు ఎలా ఉంటుందో ఇవాళ చూశాను. పొయ్యి వెలిగించినప్పుడు నాలుక దానంతట అదే కదిలింది. పళ్ళ మధ్య పెట్టి నొక్కాను. అన్నం వారుస్తుంటే మళ్ళీ కదిలింది. మెట్టు దిగితే, మెట్టు ఎక్కితే, అడుగు అడుగుకీ అది సిద్ధంగా ఉంటుంది. ఊడ్చిన గది మళ్ళీ ఊడ్చాను. ఆరేసిన బట్టలు తీసి, తడి ఆరలేదని మళ్ళీ ఆరేశాను. పంటు కింద నీళ్ళు కొట్టుకునే చప్పుడు ఇన్నాళ్ళూ ఇంత పెద్దగా ఉండేదా?

దేవుడి గది తలుపు దగ్గరికి వేశాను. గొళ్ళెం పెట్టలేదు.

శుద్ధ పంచమి, ఆదివారం

నిన్న వరహాలు ఒక ఉపాయం చెప్పింది. "నామం బదులు చేపల పేర్లు చెప్పుకో. నోటికి పని, పుణ్యం మాత్రం రాదు."

బాగుందనిపించింది. పండుగప్ప, మాగ, బొమ్మిడాయి, కట్టిపరిగె. పండుగప్ప, మాగ, బొమ్మిడాయి, కట్టిపరిగె. ఇవాళ తరళ వచ్చి పట్టీ చూసి, "మళ్ళీ మొదలెట్టారా?" అంది. నిన్న మధ్యాహ్నం నుంచి గీత చదునుగా ఉందిట.

"లేదమ్మా, చేపలు."

"చేపలేంటి?"

చెప్పాను. వరహాలు పగలబడి నవ్వింది. "మా వదిన బొమ్మిడాయిని కూడా దేవుణ్ణి చేసేసింది!"

తరళ మాత్రం నవ్వలేదు. "వరస పెట్టి ఏదీ చెప్పుకోవద్దు పెద్దమ్మా. నొప్పి వస్తే రానివ్వండి. దాన్ని చూస్తూ కూర్చోండి."

చూస్తూ కూర్చున్నాను. ఇంతకాలం దాని ముఖం చూడలేదు నేను. భుజం కప్పు కింద ఒక చోట మొదలవుతుంది. అక్కణ్ణించి మెడకి పాకుతుంది, తరవాత చెవి వెనక్కి. ఎవరో లోపలి నుంచి తలుపు తడుతున్నట్టు తడుతుంది. తీసేదాకా వదలదు.

సాయంత్రం గవరయ్య వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పంటు అంచున నిలబడ్డాడు. చేతిలో ఎండిన తులసి కొమ్మ ఉంది. ఆవేళ నీళ్ళలో పడ్డ బుట్టని తీసి దాచాడట. బుట్ట మురిగిపోయింది, కొమ్మ మిగిలింది.

"ఇది ఏం చెయ్యాలో తెలీక తెచ్చానమ్మగారూ. పారెయ్యబుద్ధి కాలేదు."

"ఆవేళ ఎందుకు కేక వెయ్యలేదు బాబూ?" అని అడిగాను. ఇన్నాళ్ళూ అడగలేదు ఆ మాట.

అతను నీళ్ళకేసి చూశాడు. "రోజూ వేస్తానమ్మా. రోజూ ఎవరూ ఉండరు. ఎవరూ లేనిచోట ఎందుకరవాలనిపించింది ఆవేళ. అంతే."

వరహాలు గుమ్మంలోంచి అంది, "ఇప్పుడు మాత్రం ఊరికే అరుస్తున్నావుగా. నిన్న కాకి వాలితే కూడా మూడు కేకలు వేశావట. పిల్లలు ఆడుకుంటున్నారు నీ కేకలతో."

"ఆడుకోనీ అమ్మా," అన్నాడు గవరయ్య. "నా వంతుగా చక్రం తిప్పిపోతాను, మీకు బరువు తగ్గుతుంది."

కుదరదు. వేరే ఇంటి మనిషి తిప్పితే వంతు లెక్కలోకి రాదు. అతనికీ తెలుసు. తెలిసే అడిగాడు. కొమ్మని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాటే నన్ను తినేస్తోంది. ఎవరూ లేనిచోట ఎందుకరవాలి. ఇన్నేళ్ళూ దేవుడి గదిలో నేను చేసిందేమిటి?

ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

శుద్ధ దశమి, శుక్రవారం

ఇవాళ వరలక్ష్మీ వ్రతం. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క ఏడు కూడా మానలేదు. నిన్నటి నుంచి గది దగ్గరికి వెళ్తాను, వస్తాను. కలశం చెంబు తోమి పెట్టాను. తోమితే తప్పులేదు కదా, చెంబే కదా. తరవాత దాని వంక చూడకుండా తిరిగాను.

పొద్దున్న వరహాలు తలంటు పోసుకుని, నా పట్టుచీర కట్టుకుని వచ్చి నిలబడింది. చీర తనకి పొట్టిగా ఉంది.

"ఏమిటే ఇది?"

"నీ దేవతతో ఇవాళ నేను మాట్లాడతాలే. నువ్వు గడపవతల కూచో. లోపల ఏమీ అనుకోకు, చచ్చినా అనుకోకు. ఏం చెయ్యాలో పైకి చెప్పు చాలు."

"పెళ్ళి కానిదానివి, ముందెప్పుడూ చెయ్యలేదు..."

"పెళ్ళి కాలేదని ఆవిడ అడిగితే, నచ్చినవాడు దొరకలేదని చెప్తాను. ముందేం చెయ్యాలి?"

గడప బయట పీట వేసుకు కూర్చున్నాను. బియ్యం పొయ్యమన్నాను, పోసింది. చెంబు పెట్టమన్నాను, పెట్టింది. కొబ్బరికాయ పీచు పైకి రావాలంటే, "జుట్టు పైకి ఉంటుందిలే, తెలుసు," అంది. కథ పుస్తకం చదువుతూ రెండు పేజీలు కలిపి తిప్పేసింది. "అరె, ఈవిడ అప్పుడే ఐశ్వర్యవంతురాలైపోయిందే, ఎలాగొదినా?" అని నన్నే అడిగింది. వెనక్కి తిప్పి చదవమన్నాను. హారతి ఇస్తూ వేళ్ళు కాల్చుకుని గట్టిగా ఒక బూతు మాట అంది. అమ్మవారికే చెప్పినట్టు, "నిన్ను కాదు తల్లీ," అంది వెంటనే.

నేను నవ్వాను. ఏడుపు కూడా వచ్చింది. దేనికీ లోపల మాట జోడించలేదు. కట్టేసిన దూడలా కూర్చున్నాను.

చివరికి తోరం కట్టాలి. పసుపు దారం కుడి చేతికి కట్టాలి. వరహాలు గడప దగ్గరికి వచ్చి, "చెయ్యి ఇలా ఇవ్వు," అంది. మోచెయ్యి దాకా తెచ్చాను. అందలేదు. తను తొందరలో మణికట్టు పట్టుకుని లాగింది.



నొప్పి భుజంలోంచి లేచి కళ్ళ వెనకకి వచ్చింది. నామం నాలుక చివర ఉంది. దాన్ని మింగేశాను. దాని బదులు నోట్లోంచి వేరేది వచ్చింది. "నీకు కళ్ళు లేవా తల్లీ!" అని అరిచాను. వరహాలుని కాదు. పీట మీద కూర్చున్న అమ్మవారిని. "ఇన్నేళ్ళు పిలిచానే! కొక్కెం తీస్తుంటే నువ్వెక్కడున్నావు? వాడు కేక వెయ్యకపోతే నువ్వు వెయ్యలేకపోయావా?" ఇంకా చాలా అన్నాను. పక్క పంట్లలో వ్రతాలు చేసుకుంటున్న ఆడవాళ్ళు గంటలు ఆపేశారు. ఈ ఇంట్లో ఇంత గొంతు ఉందని ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.

వరహాలు తోరం ముడి వేసి నా పక్కన నేల మీద కూర్చుంది. తరవాత, "వినే ఉంటుందొదినా. చెవుడున్నా వినే ఉంటుంది," అంది.

శుద్ధ ఏకాదశి, శనివారం

ఉపవాసం మానలేదు. తినకపోవడం ప్రార్థన కాదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆకలితో నొప్పి ఇంకా పదునుగా ఉంది. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే నడవాలనిపిస్తుంది. పంటు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. వరహాలు చక్రం దగ్గర నుంచి వచ్చి, గుడ్డ చుట్టిన చేతులతోనే చేపలు తిరగేసింది.

అమ్మవారిని అలా అన్నందుకు భయం వేస్తుందనుకున్నాను. భయం లేదు. ఖాళీగా ఉంది. భయమే నయం.

శ్రావణ పౌర్ణమి, బుధవారం

పెద్ద పోటు రోజు. బోర్డు గది నేల మనుషులతో పాటు లేస్తూ దిగుతూ ఉంది.

బోర్డు పెద్ద సూరాంబ గారు. వయసు మీద పడ్డా కళ్ళు చురుగ్గా ఉన్నాయి. బల్లకి ఒక పక్క రంగనాయకులు గారు, వెనక గవరయ్య. ఇంకో పక్క నేను, వరహాలు. తరళ కొత్త గీత పరిచింది. నాలుగో రోజు, ఐదో రోజు దగ్గర కొంత చదును ఉంది, చేపలవల్ల. తరవాత కొండలు. శుక్రవారం దగ్గర గీత కాగితం దాటిపోయింది.

రంగనాయకులు గారు పాత గీత తీసి దాని పక్కన పెట్టారు. "అదే భుజం, అదే మనిషి. ఒక పక్షం ఏమీ లేదు, మరుసటి పక్షం ఇంత. మొదటిసారి ఆవిడకి ఇవేమీ తెలీవు, ఉన్నది ఉన్నట్టు వచ్చింది. తరవాత ఎవరో నేర్పారు." తరళ తల దించుకుంది. "బుకాయిస్తున్నారని నేననను. భక్తురాలు. కానీ రెండింట్లో నిజమేది?"

సూరాంబ గారు నన్ను అడిగారు. నేను చెప్పాను. గది చివర్లో ఎవరో, "వినబడటం లేదు," అన్నారు. మళ్ళీ చెప్పాను. రెండూ నిజమే, మొదటిసారి నాతో స్వామి ఉన్నాడు, రెండోసారి లేడు అన్నాను. వెనక నవ్వులు వినిపించాయి.

సూరాంబ గారు నవ్వలేదు. "జోడు పట్టీ ఉంది కదమ్మా తరళా?"

ఉంది. ఒకరి తల విన్నది ఇంకొకరికి వినిపిస్తుంది. బోర్డు వాళ్ళు కట్టుకోకూడదు, తీర్పు చెప్పేవాళ్ళు కదా. తప్పు చేసిన పక్షం వాళ్ళే కట్టుకోవాలి. సూరాంబ గారు రంగనాయకులు గారి వైపు చూశారు. ఆయన కుర్చీలో సర్దుకున్నారు. "నాకు బీపీ అమ్మా."

"నాకు కట్టండి," అన్నాడు గవరయ్య.

ఆఫీసు పెద్ద వెనక్కి తిరిగి చూశారు. గవరయ్య ఆయన్ని చూడలేదు. వచ్చి కింద కూర్చుని మెడ వంచాడు. తరళ పట్టీ కట్టింది.

"ముందు మీ పద్ధతిలో చెయ్యి ఎత్తండి. తరవాత అది లేకుండా," అన్నారు సూరాంబ గారు.

మొదట భయం వేసింది. ఇన్నాళ్ళు వెళ్ళగొట్టి ఇప్పుడు పిలిస్తే వస్తాడా? అంతలేసి మాటలన్నాక? కళ్ళు మూసుకున్నాను. 'నారాయణా' అనుకున్నాను. ఎత్తాను. వచ్చాడు. గుమ్మం బయటే ఉన్నట్టు, పిలవగానే వచ్చాడు. చెయ్యి భుజం ఎత్తుకి వచ్చింది.

"ఏమీ లేదు," అన్నాడు గవరయ్య. నా పక్కకి తిరిగి చూశాడు. "నొప్పి లేదండి. కానీ..."

"నొప్పి లేదు. అంతవరకు చాలు," అన్నారు రంగనాయకులు గారు.

"రెండోసారి," అన్నారు సూరాంబ గారు.

రెండోసారి ఎత్తడం కంటే నామాన్ని వదలడం కష్టమైంది. పిలవగానే వచ్చినవాణ్ణి మళ్ళీ బయటికి పొమ్మనాలి. పొమ్మన్నాను. ఎత్తాను.

గవరయ్య కేక వేశాడు. వారధి మీద వేసే కేకలాగే ఉంది, గది గోడలు అదిరాయి. కుడి భుజం పట్టుకుని పక్కకి పడిపోయాడు. నిజానికి అతని భుజానికి ఏమీ కాలేదు. నేను చెయ్యి దించేశాను. వరహాలు నా వీపు మీద చెయ్యి వేసి పట్టుకుంది.

తరళ పట్టీ విప్పుతుంటే అతను నన్నే అడిగాడు, మిగతావాళ్ళు అక్కడ లేనట్టు. "అమ్మగారూ, మొదటిసారి మీ పక్కన నిలబడింది ఎవరు?"

ఒక్క చేత్తో నమస్కారం పెట్టాను. అది చెప్పడానికి నేనెవర్ని?

కీలు ఇవ్వాలని బోర్డు తీర్పు చెప్పింది. భుజం కుదిరేదాకా నాకు చక్రం వంతు లేదు.

శ్రావణ బహుళ పాడ్యమి, గురువారం

కథ నిన్నటితో అయిపోయిందనుకున్నాను.

పొద్దున్నే రంగనాయకులు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. అరటిపళ్ళు తెచ్చారు. దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. వరహాలు పళ్ళ వంక చూసి, "వ్రతం మొన్ననే అయిపోయిందండీ," అంది.

"పేరిందేవి గారూ, నిన్న రాత్రంతా ఆలోచించాను," అన్నారు ఆయన. "మీ దగ్గర ఎంత గొప్పది ఉందో మీకు తెలీదు. ఈ ఊళ్ళో ఏడాదికి ఎంతమందికి దెబ్బలు తగులుతాయి! వాళ్ళు ఎంత బాధపడతారు! వాళ్ళకి మీరు ఆ నామం నేర్పండి. నడిమి పంటులో గది ఇస్తాం. జన్మలో మీ ఇంటికి చక్రం వంతు ఉండదు. నలుగురికి భగవన్నామం చెప్పడం కంటే పుణ్యం ఏముంది?"

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నా మనసు పొంగింది. నడిమి పంటు అంటే తుఫాను తాకని చోటు. వరహాలు చేతులు మానిపోతాయి. పైగా నామం చెప్పే పని. ఇన్నేళ్ళ పూజకి ఫలం ఇదేనేమో అనుకున్నాను.

"ఎప్పుడు నేర్పాలండీ?" అని అడిగాను.

"దెబ్బ తగిలిన వెంటనే. పట్టీ కట్టడానికి ముందు."

ఆ మాట మామూలుగానే అన్నారు. ఆయనకి అందులో తప్పేమీ కనిపించలేదనే అనుకుంటాను.

"కీలు వేశాక నేర్పితే?"

ఆయన నవ్వారు. "కీలు వేశాక ఇక నొప్పెక్కడిదమ్మా?"

వరహాలు చేటలో చేపలు పెట్టుకుని నిలబడిపోయింది. నన్ను చూస్తోంది.

"నేను ఆలోచించుకోనా?" అన్నాను.

"తప్పకుండా. సాయంత్రం లోపల చెప్పండి. మాకు అప్పీలు హక్కు ఉంది. వాడుకోవాలని లేదు."

ఆయన వెళ్ళాక పగలంతా తిరిగాను. దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. పట్టీ లేదు, ఇక నామానికి అడ్డం లేదు. మొదలుపెట్టాను. నెమ్మదిగా, పాత దారిలో నడిచినట్టు, వచ్చింది. భుజం మెత్తబడింది. కానీ మనసు మాత్రం లేచి లేచి తిరిగింది. రేపు ఏ తాడుకో, ఏ గొలుసుకో ఒక ఆడమనిషి చెయ్యి చిక్కుకుంటుంది. నేను పక్కన కూర్చుని, చెప్పమ్మా చెప్పు అంటాను. ఆవిడ చెప్పుకుంటుంది. గీత చదునుగా వస్తుంది. భుజం బిగిసిపోతుంది. ఆవిణ్ణి అంచుకి పంపేస్తారు. ఆవిడ వెళ్తూ నాకు దణ్ణం పెడుతుంది.

దీపం కొండెక్కకముందే లేచి ఆఫీసుకి వెళ్ళాను. వరహాలు వెంట వచ్చింది.

"నేర్పనండి," అన్నాను.

"నేర్పరా? నామం చెప్పనంటారా? మీరు?"

"స్వామిని నా పక్కన నిలబడమని పిలిచానండి. మీ ఆఫీసు తలుపు దగ్గర కాపలా ఉండమని పిలవలేదు."

నా గొంతు వినబడిందో లేదో అనుకున్నాను. వినబడింది. ఆయన కాగితాలు సర్దుకుంటూ, "అయితే అప్పీలుకి వెళ్తాం," అన్నారు. ఆ మాటలో నెయ్యి లేదు.

బహుళ విదియ, శుక్రవారం

తరళ పొద్దున్న వచ్చింది. అప్పీలు వేశారు కాబట్టి ఇంకొక్క పక్షం, బోర్డు ముద్రతో కట్టాలిట. కీలు అప్పటిదాకా ఆగుతుంది. వంతు మినహాయింపు కూడా ఆగింది. తన మొహం చూసి, "నువ్వెందుకమ్మా బాధపడతావు," అన్నాను.

"మళ్ళీ ఆపాలి పెద్దమ్మా."

"ఆపుతాను. ఇప్పుడు ఎలా ఆపాలో తెలుసు."

కాసేపు ఆగమని, గదిలోకి వెళ్ళి స్వామికి చెప్పుకుని వచ్చాను. ఈసారి వెళ్ళగొట్టడం లేదు, గుమ్మం దగ్గర కూర్చో, పక్షం కాగానే పిలుస్తాను అని చెప్పాను. తరవాత వచ్చి మెడ వంచాను. ఈసారి పసుపు రాయలేదు.

పాటు తీసే వేళకి చక్రం దగ్గరికి వెళ్తే, మా చోట గవరయ్య నిలబడి తిప్పుతున్నాడు. లెక్క రాసేవాడు అరుస్తున్నాడు, వేరే ఇంటివాడివి, వంతు లెక్కలోకి రాదని. "రాసుకోకు," అన్నాడు గవరయ్య, చక్రం ఆపకుండా. "నేను తిప్పుతున్నానని మాత్రం చూడు. రేపు అడిగితే చెప్పు." వరహాలు గుడ్డలు చుట్టిన చేతులతో అతని పక్కన నిలబడింది. "నువ్వు కేకలెయ్యకుండా తిప్పితే చాలు, నా చెవులు పోయాయి," అంది. ఇద్దరూ తిప్పారు.

భుజం తలుపు తడుతోంది. తీశాను. రానిచ్చాను. దానితో పాటు కూర్చుని ఇది రాస్తున్నాను.

వరహాలూ, ఈ కాగితాలు నీకే ఇస్తున్నాను. ఉప్పు డబ్బా వెనక పెట్టు, అక్కడైతే తేమ పట్టదు. మీ అన్నయ్యకి కూడా చూపించకు. ఆఫీసు వాళ్ళకి అసలే వద్దు, చెయ్యి నామంతో ఎత్తడం ఎలాగో, నామం లేకుండా ఎత్తడం ఎలాగో ఇందులో ఉంది. చదివితే వాళ్ళే నేర్పేస్తారు. శుక్రవారం నేను అమ్మవారిని అన్నది ఆవిడకీ నాకూ మధ్య ఉండనీ, నువ్వు విన్నావు కాబట్టి నీకూ. పారెయ్యకు మాత్రం. ఎప్పుడైనా ఏ ఇంట్లోనైనా, దెబ్బ తగిలినా అరవని ఆడది ఉందని వింటే, ఇవి తీసి చదువుకుని, ఆవిడ దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పు: పట్టీ ఉన్నన్నాళ్ళూ అరవమ్మా, దేవుడు ఎక్కడికీ పోడు.